లియెన్ వదిలేసిన పాయింటు

పెద్దలు నారాయణస్వామి గారికీ, సుంగై పెటాని తెలుగు సంఘం వారికీ నమస్కారం. వెనక వరసలో కూర్చున్న లియెన్ ఫ్యాక్టరీ హాస్టల్ స్నేహితురాళ్లను ఎవరైనా మలయ్‌లో చెప్పి ముందుకు పిలవండి. పోయింది వాళ్ల మనిషి. వాళ్లు వెనక కూర్చోవడమేమిటి?

నేను భారతిని. ఫ్యాక్టరీలో లియెన్ పక్కనే పనిచేస్తాను. నా కూతురు మోగనకు ఈ హాలులోనే ఆమె టేబుల్ టెన్నిస్ నేర్పింది. నాకు ప్రసంగాలు రావు. తప్పులుంటే సర్దుకోండి.

అయ్యా, లియెన్ ఎవరు? వియత్నాం జాతీయ జట్టులో పదకొండేళ్లు ఆడిన మనిషి. ఏడేళ్లకే బ్యాట్ పట్టింది. మనీలాలో ఆడింది, జకార్తాలో ఆడింది, డబుల్స్‌లో కాంస్య పతకం తెచ్చింది. భుజం దెబ్బతింది, జట్టులో చోటు పోయింది. మొదటిసారి మన మలేసియాకు ఆడటానికి వస్తే చేతికి పూలగుత్తి ఇచ్చారు. రెండోసారి పనికి వస్తే నంబరున్న యూనిఫాం ఇచ్చారు. రెండేళ్లు మా పక్కనే నిలబడి పనిచేసింది. మాలో ఒక్కరికైనా తెలుసా? తెలియదు!

ఒకరోజు భోజనాల వేళ మా సూపర్‌వైజరు బ్యాట్ పట్టుకుని "ఎవరైనా రండి లా" అని మన ఊరి 'లా' తగిలించి మరీ సవాలు చేశాడు. లియెన్ వెళ్లింది. చూస్తుండగానే పది-సున్నా. అప్పుడు బంతిని కావాలనే నెట్టులోకి కొట్టింది. తర్వాతే పదకొండో పాయింటు కొట్టి ఆట ముగించింది. ఆ మహానుభావుడు నెలరోజులు "ఒక పాయింటు లాగినాను, సూసినారా?" అని చెప్పుకు తిరిగాడు! ఎందుకు వదిలావని నేనడిగితే, నా దగ్గర నేర్చుకున్న తెలుగులో, "అక్కా, మనిషిని సున్నాతో పంపకూడదు. రేపు మళ్లీ ఆడాల గదా" అంది. ఆ ఆటలో అదొక మర్యాదట.

పన్నెండు గంటల షిఫ్టు చేసి వచ్చి మన పిల్లలకు నేర్పేది. మోగన మొదటి పోటీలో ఓడి బావురుమంటే, "ఏడువు. ఏడిసినాక కాలు కదుపు" అంది. అంతే, బుజ్జగించలేదు. మర్నాడు ఎదురుగా నిలబడి దానికి వెయ్యి బంతులు వేసింది.

ఇక అసలు సంగతి చెప్పాలి. చెప్పకపోతే నాకు ముద్ద దిగదు.

పోయిన నెల లియెన్‌కు దగ్గు మొదలైంది. జ్వరం. మెట్లెక్కితే ఆయాసం. "ఏటమ్మా ఇది, క్లినిక్కుకి పద" అన్నాను. "వద్దు లా అక్కా. ఎక్స్‌రేలో మచ్చ కనపడితే పని పర్మిట్ పోతాది, పంపించేస్తారు. పిల్ల సెలెక్షన్ అయినాక ఎల్తాను" అంది.

మోగన రాష్ట్ర జట్టు సెలెక్షన్‌కు ఇంకా పదహారు రోజులున్నాయి. నేనేం చేశాను? ఈడ్చుకెళ్లానా? సంఘానికి చెప్పానా? నోట్లో బెల్లంముక్క పెట్టుకుని కూర్చున్నాను. మిరియాల కషాయం కాచి పంపాను. అదీ నా నిర్వాకం! కడుపుతీపి అని నన్ను వెనకేసుకు రాకండి. ఆమె వెళ్లిపోతే మోగనకు కోచ్ ఉండదని నాకు తెలుసు. అందుకే ఊరుకున్నాను.

ఆదివారం మోగన సెలెక్టయింది. లియెన్ గోడకు ఆనుకుని చప్పట్లు కొట్టింది. మంగళవారం ఆసుపత్రిలో చేర్చాం. శుక్రవారం పోయింది. న్యుమోనియా. పది రోజుల ముందు తెచ్చి ఉంటే బతికేదని డాక్టరు అన్నాడు.

అప్పటి నుంచి నా కూతురు ఒక్కటే అడుగుతోంది. "అమ్మా, నీకు ముందే తెల్సా?" నేను వంటింట్లోకి తప్పుకుంటున్నాను.

మోగనా, ఇలా చూడు తల్లీ. తెలుసు. నాకు అంతా తెలుసు.

లియెన్ కోసం అందరూ లేచి నిలబడండి. ఒక్క నిమిషం మౌనంగా ఉండండి. ఇలా అడగడానికి నాకు సిగ్గుగా ఉంది. పదహారు రోజులు నేను చేసింది అదే.