నాలుగు బిందెలు

పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు, కోదాడ బాటలో వాగు మీద చిన్న వంతెన కడుతున్నారు. అప్పుడే పోసిన స్లాబు మీద నీళ్లు తేలేసరికి, ముప్పై ఏండ్లు సున్నం పని చేసిన మేస్త్రి కాటయ్య తాపీ పక్కన పెట్టి వంగి చూశాడు. నీళ్లు మోసే కొమురమ్మ, వరసకు కోడలు, ఆమె తప్ప కూలీలంతా సద్దులు తినడానికి పోయారు.

"ఇంత పల్చగ అయిందేందే కోడలా?"

"ఇంకో నాలుగు బిందెలు పొయ్యమంటివి గద మామా."

"సున్నానికి నీళ్లు తాపినకొద్దీ బలం. ఇది సిమెంటని మరిసిన. ఇగ ఆరినంక పగుళ్లిస్తది. ఓవర్సీరు సూస్తె అంతా తవ్విపారేయిస్తడు."

"మరెట్ల?"

"అడిగితె నీ చెయ్యి జారిందను. ఆడదానివి, తిట్టి ఊకుంటడు."

కొమురమ్మ స్లాబు మీద తేలిన నీళ్లను వేలితో తాకి చూసింది.

"అరిసెల బియ్యం కడిగి ఏం చేస్తం మామా? పొడిబట్ట మీద పోస్తం. నీళ్లన్నీ బట్టే గుంజుకుంటది."

"అయితే?"

"బిందె కింద చుట్ట పెట్టుకునే నా పాతచీర విప్పి దీని మీద పరుద్దాం. పైన పొడి గోనెసంచులేసి, చెక్కపలకలు పెట్టి తొక్కుదాం."

"సిమెంటు గూడ పోదా?"

"చీర ఆపుతది."

మూడుసార్లు సంచులు ఎత్తి పిండి, మళ్లీ పొడివి వేశారు. చివరికి కాటయ్య బొటనవేలితో నొక్కి చూశాడు. వేలు దిగలేదు.

"గట్టిపడ్డదే."

"అగో, ఓవర్సీరు వస్తుండు. నా చెయ్యే జారిందని చెప్తలే."

కాటయ్య తలగుడ్డ తీసి చేత పట్టుకున్నాడు.

"వద్దు. నీళ్లు పొయ్యమన్నది నేను, గుంజి తీసింది నువ్వు. రెండు ముచ్చట్లూ నేనే చెప్త."