హసీనా కట్టిన పుల్లల కట్టలు

"అమ్మమ్మా, నలభై రెండులోంచి పదిహేడు తియ్యమంటే మా క్లాసులో సగం మంది ముప్ఫై అయిదు వేస్తున్నారు. నువ్వెట్లా చెప్పేదానివి?"

ముప్ఫై అయిదా? వెయ్యరూ మరి? పైన రెండు, కింద ఏడు. రెండులోంచి ఏడు పోదు. పోనప్పుడు వాడేం చేస్తాడు పాపం, ఏడులోంచే రెండు తీసేసి, అయిదు వేసి, బతుకుజీవుడా అని కూర్చుంటాడు. నేను ఉద్యోగంలో చేరినప్పుడూ ఇంతే, నేను రిటైరయినప్పుడూ ఇంతే. ఊళ్ళో అన్నీ మారాయి గానీ ఆ ముప్ఫై అయిదు మాత్రం మారలేదు. దానికి నువ్వు ఎ.కొండూరులో బస్సెక్కి, ఇంత మొహం వేలాడేసుకుని రావాలా? టీచరు ఉద్యోగమొచ్చి నాలుగు నెలలన్నా కాలేదు. కూర్చో. ఆ ఫ్యాను కాస్త పెంచు సింధూ. ఆఁ, చాలు చాలు.

నేను పుల్లలతో చెప్పేదాన్నమ్మా. కొబ్బరి చీపురు ఉంటుంది చూడు, ఆ పుల్లల్ని బెత్తెడు బెత్తెడు ముక్కలుగా విరిచి... కాదులే, విరిస్తే పిల్లల వేళ్ళకి గుచ్చుకుంటాయి, కత్తెరతో కత్తిరించేవాళ్ళం. పది పుల్లలు లెక్కపెట్టి ఒక కట్ట కట్టాలి. అప్పట్లో రబ్బరు బ్యాండ్లు కొనేదెవరు? మీ తాతయ్యకి సైకిల్ షాపు ఉండేది కదా, పాత ట్యూబులు సన్నగా ఉంగరాల్లా కోసి ఇచ్చేవాడు. ఊరికే ఇచ్చాడనుకునేవు! ఇచ్చినప్పుడల్లా ఒక దెప్పు, షాపు కూడా మీ బడికి రాసిచ్చెయ్యమంటావా అని. మనిషి మంచివాడే, నోరే కాస్త... సరే, ఆయన సంగతి ఇప్పుడెందుకు.

ఏం చెప్తున్నా? ఆఁ, నలభై రెండు. నాలుగు కట్టలు, రెండు విడిపుల్లలు. ఏడు పుల్లలు ఇవ్వాలి, విడిగా ఉన్నవి రెండే. ఏం చేస్తావ్? ఒక కట్ట విప్పుతావ్. అప్పుడు విడివి పన్నెండయ్యాయి, కట్టలు మూడు మిగిలాయి. ఏడు తీస్తే అయిదు, ఒక కట్ట తీస్తే రెండు కట్టలు. ఇరవై అయిదు. తన చేత్తో కట్ట విప్పినవాడు, నాలుగు కొట్టేసి పైన మూడు ఎందుకు వేస్తున్నాడో ఇంక మర్చిపోడు. అదే బోర్డు మీద చెప్పావనుకో, టీచరుగారు నాలుగుని కొట్టేశారు, ఎందుకో ఏంటో అనుకుంటాడు, అంతే. ముందు పుల్లలు, ఆ తర్వాతే అంకెలు. తొందరపడకు.

ఆ కట్టలతోనే ఒకసారి ఇన్‌స్పెక్టరు ముందు నా పరువు పోయింది. హసీనా సంగతి చెప్పానా నీకు? చెప్పలేదూ? మీ అమ్మకైతే వందసార్లు చెప్పుంటాను. లేదులే, అసలు సంగతి మీ అమ్మకీ చెప్పలేదు.

అప్పుడు నాకు తిరువూరులోనే, బస్టాండు వెనక బళ్ళో పని. రెండో తరగతి... కాదు కాదు, మూడో తరగతి. యాభై మంది పిల్లలు, నేనొక్కదాన్ని. ఈ హసీనా వాళ్ళమ్మ మస్తాన్‌బీ, బస్టాండులో జాంకాయలు అమ్మేది. విజయవాడ బస్సు ఆగీ ఆగకముందే బుట్టెత్తుకుని కిటికీల దగ్గర ఉండేది. రూపాయికి ఎనిమిది కాయలమ్మా అప్పట్లో. ఇప్పుడు పది రూపాయలు పెడితే ఒక్క కాయ, అదీ లోపల పురుగుతో సహా. పిల్ల సన్నగా, చురుగ్గా ఉండేది. దస్తూరీ ముత్యాల్లా ఉండేది. కానీ లెక్కలు? ఒక్కటంటే ఒక్కటి సరిగా వచ్చేది కాదు. ఇరవై మూడు, పద్నాలుగు కలపమంటే ముప్ఫై ఎనిమిది. ముప్ఫై ఎనిమిదిలోంచి పద్నాలుగు తియ్యమంటే ఇరవై మూడు. పైగా ముందు ఏదో అంకె వేసి, ఉమ్మితో తుడిచి, ఆ తడి మీదే ఇంకో అంకె వేసేది.

వింటుంటే నీకు తెలిసిపోతోంది కదూ, ప్రతిసారీ ఒక్కటే తేడా అని? నాకు తెలియలేదమ్మా. యాభై పలకలు దిద్దేదానికి తప్పా ఒప్పా అనేదే కనపడుతుంది, ఎంత తప్పో ఎవరు చూస్తారు? పక్కదాని పలక చూసి మారుస్తోందనుకున్నాను. కాపీ కొడుతోందనుకున్నాను. అబద్ధమెందుకు, బెత్తం తీసుకునేదాన్ని. చెయ్యి పట్టమనగానే పట్టేది. ఏడ్చేది కాదు. ఏడవట్లేదని ఇంకా ఒళ్ళు మండేది నాకు.

దసరా ముందు పరీక్షల్లో లెక్కల్లో సున్నా వచ్చింది. మర్నాడు మస్తాన్‌బీ వచ్చి, బుట్ట గేటు దగ్గర దించి, గుమ్మంలోనే నిలబడింది. పెద్దదాన్ని ఎట్లాగూ మానిపించాను, దీన్నైనా చదివించుకుందామనుకున్నానండీ అంది. లెక్కలు రానిదానికి చదువెందుకు, హాఫియర్లీ పరీక్షలు చూస్తాను, అప్పుడు కూడా ఇట్లాగే వస్తే దీని నెత్తిన కూడా ఒక బుట్ట పెట్టేస్తాను అంది. నేనేమన్నానంటావ్? మీ ఇష్టమమ్మా అన్నట్టు తలూపాను. ఒక పలక తగ్గుతుందని కూడా అనుకున్నానేమో. ఇదే, మీ అమ్మకి కూడా చెప్పనిది.

ఇంతలో ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారన్నారు. మా హెడ్మాస్టరుగారు వారం ముందునుంచే గోడలకి సున్నాలు కొట్టించారు. నేను కూడా తక్కువ తిన్నానా, పుల్లలతో తీసివేత చూపించి శభాష్ అనిపించుకుందామని కూర్చున్నాను. పాత కట్టలు వదులైపోయాయి. కొత్త కట్టలు ఎవరు కడతారే అంటే హసీనా లేచింది. చేతిపని శుభ్రంగా ఉంటుంది కదా, సరే కట్టమన్నాను. ముప్ఫై కట్టలు కట్టింది. ఒక్క పుల్ల అటూ ఇటూ లేకుండా, చివర్లు నేలకి తట్టి సమంగా చేసి మరీ కట్టింది. చూసి మురిసిపోయాను.

వచ్చాడాయన. ఇంత మీసం, చంకలో ఫైలు. పిల్లల్ని పది జట్లుగా కూర్చోబెట్టి, జట్టుకి మూడు కట్టలు, రెండు విడిపుల్లలు ఇచ్చాను. ముప్ఫై రెండులోంచి పదిహేను తియ్యండర్రా అన్నాను. కట్ట విప్పారు, తీశారు, మిగిలిన కట్టని పది అనుకుని, విడివి దానికి కలిపారు. ఎంత అంటే క్లాసు క్లాసంతా పద్దెనిమిది అని అరిచింది. మళ్ళీ చెయ్యండి అన్నాను. మళ్ళీ పద్దెనిమిదే, ఈసారి ఇంకా గట్టిగా. బోర్డు మీద చూస్తే నేను వేసిన పదిహేడు నా వంకే చూస్తోంది. ఇన్‌స్పెక్టరుగారు కింద కూర్చుని ఒక కట్ట విప్పి లెక్కపెట్టాడు. ఇంకోటి విప్పాడు. మూడోది కూడా విప్పి, తలెత్తి నన్ను చూశాడు.

"టీచరుగారూ, మీ బళ్ళో పది అంటే ఎంతండీ?"

అన్ని కట్టల్లోనూ పదకొండే. ఏమిటే హసీనా ఇవి అన్నాను. హసీనా లేచి నిలబడింది. భయం లేదమ్మా ఆ మొహంలో, మెచ్చుకుంటానేమో అన్నట్టు ఉంది. పది పెట్టి కొసరేశానండి అంది.

కొసరు! వాళ్ళమ్మ ఎనిమిది కాయలకి తొమ్మిది చేతిలో పెట్టడం పుట్టినప్పటినుంచీ చూసిన పిల్ల. ఆ పిల్లకి లెక్క అంటే ఆఖర్న ఒకటి వేస్తేనే పూర్తయినట్టు. అప్పుడు వెలిగింది నాకు. మరి పలక మీద కూడా కొసరేనా అని అడిగాను. అవునని తలూపింది. కూడితే ఒకటి ఎక్కువ వేసేదట. తీసివేతైతే, పద్నాలుగు ఇచ్చినప్పుడు బుట్టలోంచి పదిహేను పోతాయి కదండీ అంది. ముందు వేసి తుడిచేసిన అంకె ఉంది చూశావూ, అదే సరైన జవాబు. దాన్ని తుడిచి, నాకు ఒకటి కలిపి ఇచ్చేది.

మరి కొడుతుంటే చెప్పలేదేమే అన్నాను.

"ఒకటి చాలట్లేదేమో, అందుకే కొడుతున్నారనుకున్నానండి. అందుకే నిన్న రెండేశాను."

ఇన్‌స్పెక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నవ్వుకో, దేనికో నాకు తెలియదు. ఈ పిల్లకి లెక్కలు బాగానే వచ్చు టీచరుగారూ అని మాత్రం అన్నాడు. నేను సుద్దముక్క కోసం వెతుకుతున్నట్టు గోడవైపు తిరిగి ఏడ్చాను. ఏడవకేం చేస్తాను? అది ఇస్తుంటే నేను కొట్టాను.

సాయంత్రం బడి వదలగానే బస్టాండుకి పోయాను. మస్తాన్‌బీ నన్ను చూసి కంగారుపడింది, పిల్ల ఏం చేసిందోనని. అంతా చెప్పాను. తప్పు నాది, నీ పిల్లని నెలల తరబడి ఊరికే కొట్టానమ్మా అని నలుగురిలోనే అన్నాను. ఆవిడ పమిట నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. నేనే నేర్పానండీ, కొసరెయ్యకపోతే ఆ మనిషి రేపు పక్క బుట్టకి పోతాడని అంది. కానీ గట్టి మనిషి. అయితే పరీక్షలో చూద్దాం లెండి అంది, అంతకుమించి మాట ఇవ్వలేదు.

పరీక్షలకి ఇంక మూడు వారాలే. ఏమనుకున్నావ్, చెప్పగానే మానేసిందనుకున్నావా? పిల్లకి అర్థమైంది గానీ చెయ్యి వింటేనా! ముప్ఫై ఏడు వేసేది, వేలు తుడవడానికి పోయేది. ఎడం చేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని కూర్చునేది. చూస్తే నవ్వొచ్చేది, జాలీ వేసేది. మరి మీకేం ఇవ్వనండీ అని అడిగింది ఒకరోజు. గీత కింద జవాబు ఉన్నదున్నట్టు ఇయ్యవే తల్లీ, నాకదే చాలు అన్నాను. రోజూ పుల్లలు పరిచి కూర్చునేవాళ్ళం, అది, నేను. కొన్నాళ్ళకి తుడవడం తగ్గింది. పూర్తిగా పోయిందో లేదో చెప్పలేను. నాకు మాత్రం నిద్ర లేదు.

పరీక్షలో పది లెక్కలిచ్చారు. మిగతా పేపర్లన్నీ పక్కన పెట్టి ముందు దానిదే తీశాను. ఒకటి రైటు. రెండోది రైటు. చూసుకుంటూ పోతే పదీ రైటే, ఎక్కడా తుడుపు లేదు. కింద ఒక గీత. ఆ గీత కింద ఇంకో లెక్క ఉంది. అరవైలోంచి ఇరవై ఎనిమిది. ఆరు కొట్టేసి అయిదు వేసి, శుభ్రంగా ముప్ఫై రెండు. ప్రశ్నాపత్రమంతా వెతికాను, ఆ లెక్క ఎక్కడా లేదు. ఎవరూ అడగలేదమ్మా దాన్ని. తనంతట తనే వేసి, తనే చేసింది.

అడగని లెక్కకి మార్కు ఉండదు. ఒక టిక్కు మాత్రం పెట్టాను, ఇంత పెద్దది. గేటు దగ్గర మస్తాన్‌బీ నిలబడుంది, లోపలికి రాలేదు. పేపరు తీసుకుపోయి చూపించాను. ఆవిడకి చదువు రాదు, వేలుతో టిక్కులు లెక్కపెట్టుకుంది. పదకొండు వచ్చేసరికి నా మొహం చూసింది. తర్వాత బుట్ట తనే ఎత్తుకుని బస్సులవైపు వెళ్ళిపోయింది. హసీనా పదో తరగతి దాకా చదివింది.

ఆ తర్వాత నేను బెత్తం... ముట్టుకోలేదులే. ఇప్పుడు మీకు బెత్తాలే లేవు, మంచిదయింది. కానీ మాటతో కొట్టేవాళ్ళు, చూపుతో కొట్టేవాళ్ళు ఉంటారు, నాకు తెలుసు. నువ్వట్లా కావు. నిన్ను చూస్తే తెలుస్తూనే ఉంది. ఇటు రా, వంగు కాస్త, నా చెయ్యి అందట్లేదు. చల్లగా ఉండు తల్లీ. నీ సర్వీసంతా ఒక్క పిల్ల కూడా నీ ముందు భయపడి అరచెయ్యి చాపకుండా గడిచిపోవాలి...