ఈశాన్యం వాటం

నడవలేని అత్తను సాయంత్రాలు చల్లగాలికి కూర్చోబెట్టాలని పెరట్లో షెడ్డు వేస్తున్నారు. దానికోసం మొగుడు పరిచిన నాపబండలు చూసేసరికి సుధారాణికి ఒళ్లు మండిపోయింది.

“మళ్లీ పీకి పరిచినావా? నిన్న సమంగానే ఉండె కదప్పా!”

“వాస్తు ఆయప్ప ఈశాన్యానికి వాటం పెట్టమన్యాడు.”

“చక్రాల కుర్చీ పెట్టే చోట వాటమేంది?”

“రవ్వంతే లే. ఏం కాదు.”

“ఏం కాదా? అయితే ఆ కుర్చీలో నువ్వు కూర్చో.”

“కూర్చుంటా, నాకేం భయమా?”

అతను అమ్మ చక్రాల కుర్చీని బండల మీదికి తెచ్చి, దర్జాగా కూర్చుని కాళ్లు పైకి పెట్టాడు. కుర్చీ మెల్లగా కదిలి, జోరందుకుని, ఈశాన్యం మూలనున్న గులాబీ చెట్టులో దూరింది.

“సుధా! ముండ్లు! లాగు!”

“లాగుతా. ముందు చెప్పు, ఈడ మీయమ్మను కూర్చోబెడదామా?”

“వద్దు! బండలన్నీ పీకుతాలే! ముందు నన్ను పీకు!”