ఎనిమిదింటి సీరియల్‌కు పుట్టిన పిల్ల

నిజామాబాద్‌లో ఒక ఇంటి హాలు. సాయంత్రం. టీవీలో సీరియల్ నడుస్తోంది. దాని ముందు సుకన్య, పక్కన కూతురు అంకిత. వెనక కుర్చీలో భర్త పోశన్న.

"అమ్మా, నన్ను సూడొచ్చిన మోర్తాడోళ్లకు ఫోన్ చేసినవా?"

"చేస్త తియ్యి. వద్దని చెప్పుడేగా, గంత తొందరేంది?"

"వద్దని ఎందుకు చెప్పుడు? అఖిలేష్ నాకు నచ్చిండు. ఆయనకు నేను నచ్చిన. వాళ్లమ్మకు నేను చేసిన ఉప్మా గూడ నచ్చింది. ఇంకేం గావాలె?"

"జాతకం గావాలె. నిన్న పంతులు ఏమన్నడు? రాత్రి ఎనిమిదింటికి పుట్టిన పిల్లకు కుజదోషం, గా పిలగానికి లేదు, కుదరదు అన్నడు. అగో సూడు, చిన్నకోడలు పాలల్ల ఏదో కలుపుతున్నది!"

"పగటిపూట పుట్టుంటె ఏ దోషం లేకుండె అని గూడ అన్నడు గద."

"అన్నడు. కని నువ్వు పగటిపూట పుట్టలె గద."

"రాత్రి ఎనిమిదింటికి పుట్టిన్నని నీకెట్ల తెలుసు?"

"ఎట్ల తెలుసంటె? కన్నది నేను. బోధన్ దవాఖానల. ఎనిమిదింటి మణిమాల సీరియల్ అస్తుండె. పెద్దకోడలు పెట్టె పట్టుకొని ఇంట్లకెళ్లి ఎల్లిపోతున్నది. నువ్వు కెవ్వున ఏడ్సినవ్. గట్ల యాదికున్నది."

"అంటె నా జాతకం గా పెద్దకోడలు రాసిందన్నట్టు."

"ఎటకారమా? సీరియల్ ఎప్పుడన్న టైం తప్పుతదా? రైలు తప్పుతది, మీ బాపు తప్పుతడు. సీరియల్ తప్పదు."

"నిజమే. గందుకే మనింట్ల గడియారానికి సెల్లులు ఎయ్యరు. మణిమాల అస్తే కుక్కర్ పెట్టుడు, వార్తలస్తే దీపం పెట్టుడు. నేను ట్యూషన్‌కు ఎప్పుడు పోవాలె అంటె, సీరియల్ల అత్త ఏడ్వంగనే పో అంటివి. గా అత్త ఒక వారమంత నవ్వింది. నేను వారమంత ట్యూషన్‌కే పోలె."

"గందుకే లెక్కలల్ల తక్వచ్చినయ్."

"అవునవును, గందుకే. పదో తరగతి పరీక్షలప్పుడు జర సౌండ్ తగ్గియ్యమంటె తగ్గించినవా?"

"తగ్గియ్యలేదా? ప్రకటనలు అచ్చినప్పుడల్ల తగ్గించిన. తల్లిని గాదా నేను?"

"నా నోట్లకెళ్లి తొలుత అచ్చిన మాట అమ్మ గాదు, బాపు గాదు. ఒక సబ్బు పేరు."

"మంచి సబ్బు అది. ఇప్పటికీ గదే వాడుతున్నం."

"సరే. సబ్బు సంగతి ఇడిసిపెట్టు. దవాఖానల టీవీ ఎక్కడుండె?"

"వార్డుల. మూలకు, స్టాండు మీద."

"నన్ను వార్డుల కన్నవా?"

"వార్డుల ఎవలన్న కంటరా? లోపల ఆపరేషన్ చేసిండ్రు. మత్తు సూది ఇచ్చిండ్రు."

"మత్తుల సీరియల్ ఎట్ల సూసినవ్?"

"మత్తుల ఎట్ల సూస్తరే? తెలివచ్చినంక సూసిన. కండ్లు తెరిసేసరికి పెద్దకోడలు గుమ్మం దాటుతున్నది."

"మరి నేను?"

"నువ్వు పక్కకున్నవ్. తువ్వాలల సుట్టిండ్రు. ఏడుస్తున్నవ్. అంటె అప్పుడే పుట్టినట్టేగా?"

"తానం చేపిచ్చి, తువ్వాల సుట్టి, నీ పక్కల ఏసినంక పుట్టిన్నా నేను?"

"గదీ... ఏమో మరి."

"ఏమో ఏంది? ఎంతసేపు తెలివి లేకుండె నీకు?"

"నాకేం తెలుసు? తెలివి లేకుండె గద!"

"అంటె నేను పుట్టంగ నువ్వు సూడలె."

"కనుడైతె నేనే కన్న. సూసుడొక్కటే తక్వయింది."

"అమ్మా! గా సీరియల్ టైం పట్టుకపోయి పంతులుకు ఇచ్చినవ్. ఆయన గ్రహాలన్ని లెక్కవెట్టిండు. నా పెండ్లి ఆపిండు."

"మెల్లగ మాట్లాడు. గా పాలు ఎవలు తాగుతరో సూడనీ."

"ఎవలు తాగరు. పిల్లి తాగుతది. ఎప్పటికీ పిల్లే తాగుతది. అమ్మా, జర గిటు సూడు. నాకు గా పిలగాడే గావాలె. గిది ఎటకారం గాదు."

"ఎవలో ఏడుస్తుండ్రు. టీవీలనా?"

"కాదు. నేనే."

"అయ్యో బిడ్డా! గట్ల ఏడుస్తరా? ఇగో, కొంగుతోని తుడుసుకో. మరి ఏం జేద్దామంటవ్? గా దవాఖాన ఇప్పుడు బట్టల దుకాన్ అయింది. డాక్టరమ్మ సచ్చిపోయింది. టైం ఎవల్నని అడుగుదాం?"

"నువ్వు లోపలున్నప్పుడు బయట ఎవలుండె?"

"బయట ఎవలుంటరు? మీ బాపే. మెట్ల మీద కూసున్నడట."

"బాపూ!"

"ఆఁ, బిడ్డా."

"ఇంటున్నవా? నేనెప్పుడు పుట్టిన్నో నీకు ఎరుకేనా?"

"ఎరుక లేకేం? పగటీలి రెండింటికి."

"పగలా?"

"పగలే. బోధన్ షుగర్ ఫ్యాక్టరీల పనిచేసేటోన్ని, రెండింటి షిఫ్ట్ సైరన్ కూత నాకు తెల్వదా? బయట కూత మొదలైంది, లోపల నువ్వు మొదలువెట్టినవ్. కూత ఆగింది, నువ్వు ఆగలె. నర్సు అచ్చి ఆడపిల్ల అన్నది. జేబుల ఉన్న బెల్లం ముక్క ఆమె చేతుల వెట్టిన. ఇంకేం లేకుండె నా దగ్గర."

"అమ్మా, ఇన్నవా? పగలు! పంతులుకు చెయ్యి ఫోన్! మోర్తాడోళ్లకు కాదు, పంతులుకు!"

"చేస్త, చేస్త. ఏమయ్యా, నీకేమన్న బుద్ధున్నదా? పిల్ల పెండ్లి చెడిపోతున్నా నోరు ఇప్పకుంట కూసుంటవా? గిన్నేండ్ల సంది ఒక్కసారన్న ఎందుకు చెప్పలె?"

"ఎందుకు చెప్పలె? నీకు తెలివచ్చిన దినమే చెప్పవోయిన. 'జర ఆగు, గిది అయిపోనీ' అంటివి. ఇంకా అయిపోలే గద, సుకన్యా."