ఆదివారం పాలు

ఉద్దానంలో ఒక జీడితోట పక్కన పశువులశాల. సాయంత్రం. ముసలి రైతు బంగారయ్య, అతని భార్య పెద్దతల్లి, ఊళ్లో పశువులకు వైద్యం చేసే తనూజ. తెల్లారితే ఆవును సంతకు తోలాలి.

"జ్వరం లేదు తాతా. మేత తింటోంది, నెమరేస్తోంది. దీన్నెందుకు తోలేస్తున్నారు?"

"నానా తోల్తన్నాను? మా పెద్దతల్లి పోరు. ఆవు వట్టిపోనాది, దీన్ని అమ్మీ, అమ్మీ అని. పాలు తగ్గిన ఆవుని రైతు కొంటాడేటమ్మా? కోతోడే కొంటాడు."

"కొంటే కొన్నాడు. దీని సాకిరీ సెయ్యడానికి ఇక్కడెవులున్నారు?"

"ఇన్నావా తల్లీ? ఈనిననాడు దూడ అడ్డం తిరిగితే పొద్దల్లా దీని పక్కనే కూకున్న మడిసి ఇదే. నీకు దండం పెడతాను, రోగమేటో సెప్పు. రేపు తోలకుండా ఆపుతాను."

"పాలకేంద్రం పుస్తకం ఏది తాతా?"

"ఇదిగో. నాకు సదువు రాదు, నువ్వే సూడు."

"అందులో ఏటుంటాది? ఆవు లోపల రోగముంటే ఆవుని సూడాల గాని."

"పూటకెన్ని లీటర్లు, వెన్నెంత, అన్నీ ఉంటాయి మామ్మా. దసరా దాకా పూటకి నాలుగు లీటర్లు. తర్వాత మూడున్నర. మూడు. ఈ నెలంతా రెండున్నర."

"మరి నాను సెప్నేదా? దీని పని అయిపోనాది."

"ఉండు మామ్మా. మొన్న ఆదివారం నాలుగు. ముందటి ఆదివారమూ నాలుగే. వెన్న కూడా ఆ రోజే బాగా పడింది."

"ఆవుకి ఆదివారాలు తెలుత్తాయేటి? బడికెల్తన్నాదేటి?"

"నవ్వకు మావా. మిషను తప్పు సూపించుంటాది."

"ఎనిమిది ఆదివారాలూ తప్పేనా మామ్మా?"

"మిగతా రోజులు దూడ తాగేత్తాదేమో."

"ఆదివారం దూడ తాగదా?"

"ఒలే, నువ్వూరుకో. తల్లీ, రోజూ అదే గడ్డి, అదే తవుడు. ఆదివారానికి ఏరేగా ఏటీ పెట్నేదు."

"మేత కాదు తాతా. ఆదివారం పాలు పితికేది ఎవరు?"

"మా కోడలు దుర్గ. మిగతా రోజులు పలాస జీడిపిక్కల పనికెల్తాది. తెల్లారకుండా ఎల్తే పొద్దోయాక గాని రాదు. ఆ రోజుల్లో మా పెద్దతల్లే పితుకుతాది. నాను సెయ్యేత్తే ఆవు తంతాది."

"ఆవుకి రోగం లేదు తాతా. ఆఖరి ధారల్లోనే వెన్నెక్కువ. అవి పొదుగులోనే ఉండిపోతున్నాయి. అలా ఉండిపోబట్టే, ఇదిగో, ఈ చన్ను గట్టిపడింది. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే నిజంగానే పాడైపోద్ది. మామ్మా, నీ చేతులు చూపించు."

"సేతుల్లో ఏటుంటాది? పేడ."

"కడుక్కుని సూపించే."

"ఒల్ల."

"పెద్దతల్లీ."

"కుడితెట్టాల, ఉండు మావా."

"పెద్దతల్లీ, నిన్నే."

"పిడికిలి బిగవదు మావా. నాలుగు ధారలు లాగీసరికి ఆయాసమొచ్చేత్తాది. పొదుగులో పాలున్నాయని తెలుత్తాది. లాగనేను."

"కాళ్లు కూడా వాచాయి తాతా."

"ఎప్పట్నుంచే?"

"ఆ పుస్తకంలో ఉన్నాది కదా. అప్పట్నుంచే."

"నాతో అన్నేదేటే? రేపు సంతకి కాదు, సోంపేట ఆసుపత్రికి ఎల్దాం. రత్తం సూపిద్దాం."

"నానెల్లొచ్చినాను."

"ఎప్పుడెల్నావు?"

"మా అప్ప మనవరాలి పెళ్లని ఎల్నాను సూడు. పెళ్లీ నేదు, ఏటీ నేదు."

"ఏటన్నారు?"

"ముందు ఆవుని తోలీ మావా. నాను మంచమెక్కితే దుర్గ కూలి మానెయ్యాల. నువ్వు దీన్ని సూత్తావా, నన్ను సూత్తావా?"

"ఏటన్నారే?"

"నిరుడు కిడ్నీలతో పోనాడు కదా, మీ తమ్ముడు సన్యాసిరావు. ఆడికి ఆకర్ని రత్తం కాయితంలో ఎంత రాసినారో, నాకూ అంతే రాసినారు."