చోటే మియా చేలో చేపపళ్లు

హలో… ఆ అన్నా, సుశీలను. కాలేజీలకెళ్లి ఫోన్ చేస్తున్న.

— తిన్న, మంచిగనే ఉన్న. గది పక్కకు పెట్టు. శామీర్‌పేటల చోటే మియా చేన్ల ఏదో రాయి దొరికిందంట గద?

… నీకెట్ల తెల్వదు? దొరికిన పొద్దు పక్కన నిలవడ్డది నువ్వేనంట. పాతకాలంది బయటపడ్డది, సర్కారోళ్లు చేను గుంజుకుంటరు, జల్దీ నాకు అమ్ముకో అన్నది నువ్వు కాదా?

— ఆగు. నన్ను చెప్పనియ్యి.

ఆ రాయి ఇప్పుడు నా చేతుల ఉంది. చోటే మియా చాచానే పట్టుకొచ్చిండు, గిదేందో చూడు బిడ్డా అని. మన్ను కడిగిన. నాదే అన్నా. గుజరాత్ దిక్కు కచ్ఛ్‌ల ఎండల తిరిగి, మోకాళ్ల మీద కూసొని తవ్వుకున్నది. ఇరిగితే గమ్ము పెట్టి అతికిచ్చిన. ఆ అతుకు గూడ కనవడుతాంది. చాయ్ తాగుతానని మా ఇంటికొచ్చి నా అల్మారల చెయ్యి పెట్టినవు.

… ఉత్త రాయి అంటవా? చేప పండ్లు అవి. గద్ద లెక్క రెక్కలు జాపి ఈదే చేప, ఈగిల్ రే అంటరు. సముద్రం అడుగున ఆల్చిప్పలు నమిలి పిండి చేస్తది. దాని పెయ్యిల మన లెక్క గట్టి బొక్కలు, ఎముకలు ఉండనే ఉండయి, చచ్చినంక అంత మురిగిపోతది. బండలు పరిచినట్టుండే గీ పండ్లే మిగులుతయి. కోట్ల ఏండ్ల కింది చేప గురించి మనకు తెలిసేదంత వీటితోనే. ఏడ దొరికిందన్నదే రాళ్ల సదువుల ఉన్న మాకు ముఖ్యం. నువ్వు తీస్కపోయి గ్రానైటు నేలల పాతిపెట్టినవు.

— ఎవ్వలకు తెలుస్తదంటవా? నాకు తెలుస్తది. ఆ చేప బతికిన కాలంల మన దిక్కు సముద్రమే లేదు.

… రింగు రోడ్డు వస్తాంది, చేను రేటు పెరుగుతదని నాకూ తెల్సు. కొనుక్కుంటే మంచిగ అడిగి కొనుక్కో. భయపెట్టుడు ఏంది? షహజాది చాచి ఆ పొద్దుటి నుంచి పొయ్యి ముట్టియ్యలేదంట. బాపు దవాఖానల పడ్డప్పుడు మనిద్దరికి అన్నం పెట్టింది ఎవ్వరు? యాదికి లేదా?

…

— లేదు. నేను సప్పుడు చెయ్యకుండ ఉండను. చాచాకు చెప్పేసిన. అవు, అంతా చెప్పిన. ఆయన నా ముంగటనే కూసున్నడు.

… మీ అన్న జనార్ధన్ గిట్ల చేసిండా అని అడిగి తల దించుకున్నడు. దించుకోవాల్సింది ఆయననా, అన్నా?

… నీ ఇజ్జత్ నేను తీసుడు ఏంది? పాతినప్పుడే పోయింది.

— మాఫ్ చెయ్యమని నాకు చెప్తవేంది? చేను నాదా? ఆయనకిస్తున్న, గదే మాట ఆయనకు చెప్పు.

తీస్కో చాచా. అన్న మాట్లాడుతడంట.

…

ఏమైంది చాచా?

… ఫోన్ పెట్టేసిండా.

సరే, ఇటియ్యి ఫోను. లే చాచా, పోదాం. నేను గూడ వస్త. చేను ఎవ్వడూ గుంజుకోడని చాచికి నేనే చెప్త.