డబ్బా నోట్లో ఒక్క మాట

మోటారు సైకిళ్ళు బాగుచేసే షాపు వెనక గది. మధ్యాహ్నం. టీవీ ముందు మేనమామ, మేనల్లుడు వీడియో గేమ్ ఆడుతున్నారు.

"ఈ ఆట తీసిన పొడుగోడు నా నోట్లో మన్ను కొట్టాడురా అల్లుడూ. మన్ను కొట్టాడు. వాడి వంశం…"

"మావయ్యా, మెట్ల మీద! మెట్ల మీద తుపాకోడు!"

"చూశాలే. పోయాడు. వాడి వంశం మూగదైపోనూ అంటున్నా."

"శాపాలు తర్వాత పెడుదువుగాని. డాక్టరు నిన్ను మాట్లాడొద్దన్నాడు."

"రేపట్నుంచి మాట్లాడమన్నా మాట్లాడేదేముంది? గొంతు కోసి పళ్ళెంలో పెడతాడుగా. నాకు ఇవాళే మాటల రోజు."

"అంటే రేపు వస్తానన్నట్టేనా?"

"అన్నానా?"

"ఇప్పుడే అన్నావుగా!"

"మాటవరసకన్నా. పందెం పందెమే. ఈ ఆట అయిపోయేలోపు ఆ మరమనిషి డబ్బాగాడి నోట్లోంచి నా మాట వినపడాలి. నేను నా నోటితో చెప్పింది. ఒక్కటంటే ఒక్కటి. వినపడిందా, రేపు నోరు మూసుకుని నీ బండెక్కుతా. లేదా, నన్నిలా వదిలెయ్యండి. ఉన్నన్నాళ్ళుంటా, నా గొంతుతో నేను పోతా."

"పిచ్చి పందెం మావయ్యా. ఆటకీ ప్రాణానికీ ముడేమిటి?"

"ముడేసింది నేనా? డాక్టరు మొదటిసారి చూసినప్పుడేమన్నాడు? క్యాన్సరు కుడి పక్కే ఉంది, ఆ ముక్క తీసేస్తే సగం గొంతు మిగులుతుంది, బొంగురుదో గింగురుదో మాట ఉంటుంది అన్నాడు. మరి పొడుగోడేమన్నాడు? అన్నా, తుప్పుదేశం నాలుగో భాగం తీస్తున్నాం, డబ్బాకి గొంతు నువ్వు కాకపోతే ఇంకెవడు, రెండు నెలలు ఓర్చుకో అన్నాడు. ఓర్చుకున్నా. ఆ గాజు గదిలో కూచుని ఆరు వందల పన్నెండు డైలాగులు చెప్పా. ఏం చేశాడు?"

"తెలుసులే మావయ్యా."

"నీకు తెలుసు. నాకు చెప్పుకోవాలనుంది. ఒక్కటీ వాడలేదు! మొత్తం పట్టుకెళ్ళి మిషనుకి మేతేశాడు. ఇప్పుడా మిషను నా గొంతు తొడుక్కుని వాడు రాసిన చెత్తంతా గడగడా చదువుతోంది. నేను ఆస్పత్రికి వెళ్ళేసరికి ఇక్కడ ఎడమ పక్క కూడా పోయింది. మొత్తం తియ్యాలంటున్నారు."

"ఒక్కటి కూడా వాడలేదని ఎవరు చెప్పారు?"

"వాడే చెప్పాడు, ఫోనులో. నవ్వుతూ. అన్నా, టెక్నాలజీ అన్నా, అన్నాడు."

"వాడి మాట నమ్ముతావా? ఆరొందల్లో ఒక్కటైనా ఎక్కడో ఉంటుంది. నేను పట్టుకుంటాగా. అదిగో, తలుపు తెరుచుకుంది. ఉష్, డబ్బా మాట్లాడుతున్నాడు… ‘బాసూ నా బ్యాటరీ కంటే ముందు నీ బుర్ర అయిపోయేట్టుందే!’ ఇది నువ్వే! మావయ్యా, ఇది నీదే!"

"కాదు."

"అచ్చం నువ్వేనంటే!"

"గొంతు నాది. నేను కాదు. నేనైతే ‘బాసూ’ అన్నాక ఊపిరి తీసుకుంటా. అవతలోడు ‘ఊఁ, ఏంటి?’ అనుకునేంత సందిస్తా. అప్పుడు వేస్తా దెబ్బ. వీడు చూడు, పొయ్యి మీద పాలు పొంగుతున్నట్టు ఏకబిగిన వాగేశాడు. మిషనుకి ఊపిరెందుకు?"

"ఊపిరిని బట్టి చెప్పేస్తావా?"

"నువ్వు ఇంజను చప్పుడు విని చెప్పవూ? అంతే. జోకంటే ఏంటనుకున్నావ్? ఒకడు కూచోబోయేటప్పుడు కుర్చీ లాగెయ్యడం. ముందు వాణ్ణి కూచోబోనియ్యాలిగా! ఈ నాలుగో భాగంలో కుర్చీ వెయ్యకముందే లాగేస్తున్నారు. ఎవడు పడతాడు?"

"జనం పడుతున్నారుగా. మా షాపుకొచ్చే వాళ్ళంతా ఇదే బాగుందంటున్నారు. తుపాకులు బాగున్నాయి, పరుగు బాగుంది. మూడోది గుర్తులేదా? ఎడారిలో నడక, నడక, నడక. తుప్పు పట్టిన రైలు పెట్టె కనపడితే చుట్టం కనపడినట్టుండేది. చచ్చీచెడీ ఆఖరి విలన్ బాసు దగ్గరికి పోతే వాడు ముందు ఉపన్యాసం మొదలెడతాడు."

"ఆ ఉపన్యాసం రాసింది పొడుగోడే. చంపేవాడూ చచ్చేవాడూ ఇద్దరూ జోకులేస్తారు దాంట్లో. ఇంటిల్లిపాదీ వెటకారమే అయితే నవ్వేవాడెవడురా? ఒక్కడైనా మొహం ముడుచుకుని ఉండాలి."

"నీలాగా."

"నాలాగా. కాల్చు, కాల్చు, పైన ఉన్నాడు."

"కాల్చా. అయినా చివర్లో ఒకటుందంట మావయ్యా. షాపులో అందరూ అదే చేసి చూపించబోతారు. ముందే తెలిస్తే మజా ఉండదని నేను చెవులు మూసుకుంటున్నా. అది విన్నాక చెప్పు, జోకులు చచ్చాయని."

"వింటాం. దానికేం."

"నీకు అసలేది నచ్చింది? రెండోదేనా?"

"రెండోది ఆటరా. మిగతావి అమ్మకాలు."

"గని ఉంది చూడు దాంట్లో. డబ్బా స్పీకరు పగిలిపోతుంది. గని అయ్యేదాకా నోరుండదు వాడికి. చీకట్లో వెనకే టిక్కు టిక్కుమని వస్తుంటాడు. నాకు ఒళ్ళు చల్లబడిపోయింది. ‘ఒరేయ్ డబ్బా, ఏదో ఒకటి వాగరా’ అని టీవీని బతిమాలుకున్నా."

"అదీ! అది నేను చేయించిందే. గనికి కూడా నాకు డైలాగులు రాసిచ్చారు. నేనే కొట్టేయించా. డైలాగుకింతని కూలి నాకు. నా కూలి నేనే కొట్టేసుకున్నా. పొడుగోడు కొట్టుకున్నాడు: నవ్వించేవాడు నోరు మూసుకుంటే ఎలా అన్నా అని. నవ్వించేవాడు నోరు మూసుకుంటేనేరా నవ్వు విలువ తెలిసేది అన్నా నేను. గని దాటి పైకొచ్చాక వాడి మొదటి మాట గుర్తుందా?"

"ఎందుకు లేదు! ‘బాసూ… ఇందాకట్నుంచి నీ మెడ మీద పురుగుంది. చెబుదామంటే నోరు లేదు.’"

"దానికి నవ్వినంత ఇంక దేనికైనా నవ్వారా జనం?"

"లేదు. మరి నోరు పోయినా డబ్బా పోలేదుగా మావయ్యా. ప్రతి తలుపూ వాడే తీశాడు."

"తిప్పి తిప్పి ఆస్పత్రి గుమ్మంలోకే తెచ్చావు."

"తెస్తా. నాకింకేం పని?"

"గని దాటాక వాడికి కొత్త స్పీకరు పెట్టారురా. నాకెవడు పెడతాడు?"

"ఏదో మిషను ఉందన్నాడుగా డాక్టరు, మెడ దగ్గర ఆనించి…"

"ఇంకో మిషనా? ఒకటి చాలదా?"

"ఏరా నాయనా, ఒప్పుకున్నాడా నీ మావయ్య?"

"అమ్మా, ఇప్పుడు రాకే, బాసు దగ్గరున్నాం."

"బాసూ లేదు, బోడీ లేదు. తమ్ముడూ, ఇవిగో వేణ్ణీళ్ళు. ముందు తాగు. రేపు వెళ్తున్నావా లేదా, అది చెప్పు నాకు."

"అక్కా, ఈ ఆట ఒకటి అవనీ."

"నీ ఆటలు కాకులు తన్నుకుపోనూ! ఆటోకి మైకు కట్టుకుని వీధి వీధీ అరుస్తూ తిరిగిన రోజునుంచీ చూస్తున్నా. వీడి నోరే వీడికి కూడు పెడుతుంది, వీణ్ణి ముంచేదీ అదే అనేవాడు నాన్న."

"పెట్టింది. ముంచింది. నాన్న మాట నిలబడింది."

"వెటకారం చాల్లే. నీ గొంతు ఎవడికి కావాలిరా? నాకు మనిషి కావాలి."

"మూగోణ్ణి ఏం చేసుకుంటావే అక్కా?"

"మూడేళ్ళు నిండేదాకా నీకు మాట్లేదు. చంకనేసుకుని ఊరంతా తిప్పిందెవరు? అప్పుడు చేసుకోలేదూ?"

"…నీళ్ళక్కడ పెట్టి వెళ్ళవే అక్కా."

"పెడతా. తాగేదాకా ఇక్కడే నిలబడతా. తాగు. ఆఁ. ఏరా, వాడికి ఎక్కువ మాటలివ్వకు."

"నేనేమిస్తున్నానమ్మా, ఆయనే తీసుకుంటున్నాడు. తలుపు దగ్గరికి వేసి వెళ్ళు."

"…వెళ్ళిందా?"

"వెళ్ళింది. కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది, చూసుకో."

"చూశా. ఆడు."

"ఇదిగో, ఇది విను మావయ్యా! ‘నాకు గుండె లేదు బాసూ, ఉంటే ఇప్పుడు ఆగేది.’ ఇది బాగుంది! ఆగాడు కూడా, ‘బాసూ’ తర్వాత. ఇది నీదే, కాదనకు."

"ఆగలేదు. నువ్వే తుపాకీ పేల్చావ్ మధ్యలో."

"ఆగాడంటే!"

"అల్లుడూ, నన్ను బతికించాలని నా చెవులు మోసం చెయ్యకు. ఇప్పుడు నాకు మిగిలినవి అవే."

"…సరేలే. ఆగలేదు."

"ఆఁ. అలా ఉండు."

"ఇదే చివరి సొరంగం అనుకుంటా. మ్యూజిక్ మారింది. రైలు పెట్టె తెరుచుకుంది. నువ్వెక్కు, నేను వెనక చూసుకుంటా."

"డబ్బాగాడేడి?"

"అదిగో, ఇనప తలుపు కింద. కూలిపోతోంది సొరంగం. తలుపు వీపు మీద మోస్తున్నాడు, మనం దాటాలని. అయ్యో, చస్తాడా ఏంటి?"

"చంపేస్తారు. నాకిది ముందే తెలుసు, ఈ సీను నేనూ చెప్పాగా. చూడు ఎలా సాగదీశారో! మీద తలుపు పడ్డవాడు ఇంత వాగుతాడా? నా మాటలు మూడే. మూడు మాటలు, ఆ తర్వాత లైటు ఆరిపోవాలి. వీడు పెళ్ళివారికి వీడ్కోలు చెప్తున్నట్టు పేరు పేరునా పలకరిస్తున్నాడు."

"ఆగు ఆగు, విననీ. అందరూ చెప్పేది ఇదే అయ్యుంటుంది… ‘నా కోసం ఏడవకు బాసూ, తడిస్తే తుప్పు పట్టేది నేను…’ హహ్హహ్హ! దగ్గాడు! మావయ్యా, డబ్బాగాడు దగ్గాడు! ఇనప డబ్బాకి దగ్గు! ఊపిరితిత్తుల్లేని వెధవకి దగ్గేంటి! అబ్బ, మాట మధ్యలో ఆపి, ఖళ్ళుమని, మళ్ళీ ఏమీ జరగనట్టు చూడ్డం… అమ్మో, నా డొక్కలు! ఇదీ జోకంటే! ఇప్పుడు చెప్పు, చచ్చాయా జోకులు? ఒప్పుకో మావయ్యా, నవ్వొచ్చిందా లేదా? …మావయ్యా?"

"రేపు ఎన్నింటికి రమ్మన్నారు?"

"ఎక్కడికి?"

"ఆస్పత్రికి."

"ఏడింటికి. ఖాళీ కడుపుతో. అదేంటి, ఇంకా ఆట అవలేదుగా. నీ మాట దొరకలేదుగా?"

"పొద్దున్నే బండి తియ్యి."

"వస్తావా? నిజంగా? అమ్మా! అమ్మా, మావయ్య… ఆగు. మావయ్యా. ఆ దగ్గు…"

"ఇంకోసారి పెట్టు."

"వద్దు మావయ్యా."

"పెట్టరా. …అదీ. విన్నావా? దగ్గు ముందర ఊపిరి. తర్వాత ఆగడం. మిషను వల్ల కాదది."

"నేను… నవ్వాను మావయ్యా."

"నవ్వక? నవ్వేట్టే ఉంది. గాజు అవతల పొడుగోడు కూడా నీలాగే పొట్ట పట్టుకున్నాడు. నేను రుమాలు తెరిచి చూపించా, ఎర్రగా ఉంది. ‘అది తీసెయ్యరా’ అన్నా. ‘తీసేస్తాలే అన్నా, నువ్వు ముందు నీళ్ళు తాగు’ అన్నాడు."

"తీయలేదు."

"తీస్తాడా? మాటలన్నీ తీసి అదొక్కటీ ఉంచాడు. నా నోట్లోంచి వచ్చిందేగా, పందెం నువ్వే గెలిచావు. అక్కకి వస్తున్నానని చెప్పు. దగ్గు ఎవరిదో చెప్పకు. అక్కని కూడా నవ్వనీ."

"ఆఖరి రోజు రికార్డింగులోదా మావయ్యా ఇది? గొంతు పూర్తిగా పాడయ్యాక?"

"ఆఖరి రోజు కాదురా. వీళ్ళ పద్ధతి వేరు. గొంతు తాజాగా ఉన్నప్పుడే చావు సీను చెప్పించేస్తారు, అరిచి అరిచి అరిగిపోకముందే. అందుకే ముందు ఇదే పెట్టాడు. ఇది మొదటి రోజు దగ్గు."

"అంటే…"

"అంటే వాడు ఉంచుకోవాల్సింది మొదటి రోజే వాడి చేతిలో పడింది. ఆ తర్వాత రెండు నెలలూ మిషనుకి మేత. ఆరు వందల పన్నెండు మాటలు పోతే పోయాయి అల్లుడూ. ఆ రోజుకి నా ఎడమ పక్క ఇంకా బాగానే ఉంది."